బీర, సొర పిందెలు రాలిపోతున్నాయి, తేనెటీగలు రావాలంటే ఏం వేయాలి?

ఒంగోలు పెరడు:
ఇంటి వెనక రెండు సెంట్ల జాగాలో బీర, సొర, వంగ, దోస వేశాం. పూత బాగానే వస్తోంది, పిందె మాత్రం వేలంత కాకముందే పసుపు తిరిగి రాలిపోతోంది. ఎరువుకీ నీళ్లకీ లోటు లేదు. తేనెటీగలే కనపడట్లేదు. చుట్టూ ఉన్నవి క్రోటన్లు, ముద్ద మందారాలు, కాగితం పూలు. వాటి బదులు ఏం వేయమంటారు? మన ఎండలు తట్టుకునేవి చెప్పండి.

మిద్దెతోట:
బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయండీ, అప్పటికి తేనెటీగలు గూటికి చేరిపోతాయి. వీటి మీదకి వచ్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. పెరట్లో రాత్రంతా పెద్ద లైటు వెలిగితే అవి దాని చుట్టూనే తిరుగుతాయి, ముందు అది ఆపేయండి. ఈలోపు పొద్దుగూకే వేళ మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మీరే రుద్దండి. దోసకైతే పొద్దున్నే. వంగ సంగతి వేరు, పువ్వుని పట్టుకుని ఝుమ్మని వణికించే తుమ్మెద వస్తే పుప్పొడి బాగా రాలుతుంది, మామూలు తేనెటీగకి ఆ పని చేతకాదు. తుమ్మెద ఎండు కట్టెని తొలుచుకుని గూడు పెడుతుంది కాబట్టి ఒక ఎండు దుంగ మూలన పడేసి ఉంచండి.

నిమ్మతోట, పొదలకూరు:
అన్నా, ముద్దపూలల్లో రెక్కలే ఎక్కువ, ఈగకి దక్కేది తక్కువ. తులసి, సబ్జా వెన్నులు తుంచొద్దు. కొత్తిమీర ఒక మడి కోయకుండా పూతకి వదిలెయ్, చిన్న ఈగలన్నీ దాని మీదే ఉంటాయి. తుమ్మి మొలిస్తే పీకబాక. ఎండలకి తంగేడుని మించింది లేదు, మన ఎర్రనేలలో నీళ్లు పెద్దగా అడగకుండానే పూస్తుంది, దాని ఆకు మీద సీతాకోకచిలుకలు గుడ్లు కూడా పెడతాయి. కరివేపాకు మీద పచ్చటి గొంగళి కనపడితే చంపొద్దు, అదీ సీతాకోకచిలుకే అవుతుంది, ఆకు నాలుగు రెమ్మలు పోతే పోయింది.
అన్నిటికన్నా ముఖ్యం మందు. పూత మీద ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు అసలు కొట్టొద్దు, అది మొక్క రసంలో కలిసి పువ్వులోని తేనెలోకీ పుప్పొడిలోకీ చేరుతుంది. వేపనూనె అయినా దోస మీద చీకటి పడ్డాకే, బీర మీదైతే పొద్దున పూలు వాడాక.

ఒంగోలు పెరడు:
చాలా థ్యాంక్స్. చిన్నపిల్లలు ఆడుకునే చోటు, కుడతాయేమో అని టెన్షన్.

మిద్దెతోట:
పువ్వు మీద ఉన్న ఈగ, చేత్తో పట్టుకుంటేనో కాలితో తొక్కితేనో తప్ప కుట్టడం అరుదు. తేనెపట్టు పెడితే మాత్రం పిల్లల్ని ఆ దాపులకి పోనీయకండి. మేలో ఈగలు తాగడానికి వెడల్పాటి మూకుట్లో గులకరాళ్లు వేసి, అవి మునగకుండా నీళ్లు పోసి పెట్టండి, దోమలు చేరకుండా రోజూ మార్చాలి. ఇంకోటి, పెరడంతా గచ్చు చేయించకండి. కాస్త నేల తవ్వకుండా వదిలేస్తే మట్టిలో బొరియ చేసుకునే నీలిచారల ఈగలు వస్తాయి, వంగపువ్వుని వణికించడం వాటికీ వచ్చు.