మేస్త్రీ తెచ్చిన హమాలీలకి ఇన్సూరెన్స్ మిల్లువాళ్ళే కట్టాలా?

పద్దులు_మండపేట:

నమస్కారమండీ. మండపేట దగ్గర మాకో చిన్న రైస్ మిల్లు ఉంది. మావయ్యగారికి ఒంట్లో బాగోక సంక్రాంతి నుంచి పద్దులు నేనే చూస్తున్నాను. నెలజీతం మీద ఉన్నది ఆరుగురు: మిల్లు డ్రైవరు, బాయిలర్ దగ్గర ఒకాయన, గుమస్తా, వాచ్‌మన్, ఊడ్చి తౌడు ఎత్తే ఆడవాళ్ళు ఇద్దరు. హమాలీలు ఎనిమిది మంది. వాళ్ళని మేస్త్రీ తీసుకొస్తాడు. బస్తాకింత అని కూలి అతని చేతికే ఇస్తాం, వాళ్ళలో వాళ్ళు పంచుకుంటారు. మా దగ్గర లోడు లేని రోజు పక్క మిల్లుకి పోతారు.

మొన్న ఆ పక్క మిల్లులోనే ఒకతను బస్తాల నెట్టు మీంచి జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. పెద్దమనుషులు కూర్చుని ఏదో మొత్తం తేల్చి కాగితం రాయించారు. అది చూశాక భయమేసి మా బీరువా అంతా తిరగేస్తే దొరికింది ఒక్క ఫైర్ పాలసీ, బ్యాంకువాళ్ళు లోనుతో పాటు చేయించింది. మావయ్యగారేమో "వాళ్ళు మేస్త్రీ మనుషులమ్మా, మనకేం సంబంధం? పైగా మనది సీజనల్ మిల్లు, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉండదు" అంటున్నారు. ఏజెంటేమో మనిషికి రెండు లక్షల యాక్సిడెంట్ పాలసీ తీసుకోమంటున్నాడు. దాళ్వా ధాన్యం దిగేలోపు తేల్చుకోవాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

క్లెయిముల_మాస్టారు:

అమ్మా, నేను బీమా కంపెనీ క్లెయిముల సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ ఫైర్ పాలసీలో ఉన్నవి బిల్డింగు, మెషినరీ, సరుకు. అందులో మనుషులు లేరు. బాయిలర్ దానంతటది పేలితే బాయిలర్‌కి జరిగిన నష్టం కూడా మామూలుగా అందులో రాదు, దానికి వేరే పాలసీ. అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

"మేస్త్రీ మనుషులు" అన్న మాట పరిహారం కేసులు తేల్చే అధికారి (కమిషనర్ అంటాం) ముందు నిలవదు. మీ మిల్లు పనిలో, మీ ఆవరణలో దెబ్బ తగిలితే పరిహారం మీ దగ్గరే అడగొచ్చు. మీరు కట్టాక మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చని చట్టంలో ఉంది లెండి. మేస్త్రీ దగ్గర ఏముంటుంది రాబట్టడానికి!

ఇక ఎంత అన్నది. లెక్కకి తీసుకునే నెల కూలి గరిష్ఠంగా 15,000 రూపాయలు. చనిపోతే అందులో సగాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణిస్తారు. 35 ఏళ్ళవాడికి ఆ అంకె 197.06, అంటే 14,77,950 రూపాయలు. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి అయితే సగం బదులు 60 శాతం, 17,73,540. బొటనవేలు ఒక్కటి పోయినా ఆ మొత్తంలో 30 శాతం, అయిదు లక్షల ముప్ఫై రెండు వేలు దాటుతుంది. ఆసుపత్రి ఖర్చు దీనికి అదనం. ఇప్పుడు మీ ఏజెంటు చెప్పిన రెండు లక్షలు దీని పక్కన పెట్టి చూడండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమాలోనూ ప్రమాదంలో పోతే అంతే వస్తుంది. అవి ఆ కుటుంబానికి మంచివే, చేయించండి. కానీ వాటివల్ల యజమాని బాధ్యత తీరదు.

మీకు కావలసింది ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ, పాతవాళ్ళు వర్క్‌మెన్ పాలసీ అంటారు. ఆగిపోయే క్లెయిములు ఎక్కువగా ఇక్కడే ఆగుతాయి: ప్రీమియం తగ్గుతుందని గుమస్తాని, వాచ్‌మన్‌ని రాయించి హమాలీలని వదిలేస్తారు. ప్రపోజల్‌లో, అంటే పాలసీకి పెట్టే దరఖాస్తులో, "లోడింగ్, అన్‌లోడింగ్, కాంట్రాక్టు మనుషులు" అని తలల లెక్కతో, ఏడాది కూలి మొత్తంతో రాయించండి. వైద్యఖర్చుల ఎక్స్‌టెన్షన్ అడిగి చేర్పించుకోండి, అడక్కపోతే ఉండదు. పరిహారం నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, పెనాల్టీ కూడా వేయొచ్చు. అవి చాలా పాలసీల్లో కంపెనీ భరించదు.

1923 నాటి పరిహార చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. లెక్క కట్టే పద్ధతి మారలేదు. ఇంటి నుంచి పనికొచ్చే దారిలో జరిగే ప్రమాదానికి కూడా కోడ్‌లో చోటిచ్చారు. పాలసీ కాగితంలో పాత చట్టం పేరు మాత్రమే ఉంటే కోడ్ పేరు కూడా వేయించండి.

మిర్యాలగూడ_మిల్లర్:

మాస్టారు పాలసీ గురించి చెప్పిండు, ఈఎస్ఐ సంగతి నేను చెప్తా అక్కా. సీజనల్ అంటే ఏడాదిలో కొన్నాళ్ళు నడిచేవన్నీ కాదు. ఆ జాబితాల పత్తి జిన్నింగు, చక్కెర, తేయాకు అసొంటివి ఉన్నయ్, రైస్ మిల్లు లేదు. ఇగ పది మంది ఉంటే ఈఎస్ఐ కిందికి వస్తరన్న లెక్క. మీవి ఆరు పేర్లే అనుకుంటున్రు. హమాలీలను కలిపితే పద్నాలుగు. మీ పనికి, మీ చెప్పుచేతల్లో చేసేటోళ్ళు కాంట్రాక్టు మీద వచ్చినా లెక్కలకే వస్తరు. ఒక్కసారి ఈఎస్ఐ కిందికి వచ్చినంక మనుషులు తగ్గినా బయటికి రారు.

21,000 లోపు జీతమున్నోళ్ళకు యజమాని వాటా 3.25 శాతం, పనోడిది 0.75. పదిహేను వేలకు మన జేబుల నుంచి 487 రూపాయల 50 పైసలు. పనిల దెబ్బ తగిలితే ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న షరతు లేదు, మంచం మీదున్నన్ని రోజులు కూలిల 90 శాతం దాకా వస్తది. ఈఎస్ఐ ఉన్నోళ్ళకు వర్క్‌మెన్ పాలసీల పైసలు రావు, రెండు దిక్కుల కట్టకున్రి. రెండు మిల్లులు తిరిగే హమాలీ ముఠా మీద ఆఫీసోళ్ళు ఏదో ఒకటి తేల్చేదాకా మాత్రం పద్నాలుగు మందినీ పాలసీల ఉంచున్రి.

ఇంకోటి. కాగితాలకన్న ముందు ధాన్యం పైకెత్తే ఎలివేటర్ కాడికి పోయి నిలవడున్రి. మా దగ్గర బెల్టుకు జాలీ ఉండె గని, గ్రీజు పెట్టేటప్పుడు తీసి గోడకు ఆనించి మళ్ళ బిగియ్యకపోయేది. ఒకనాడు హమాలీ భుజం మీది తువ్వాల చివర లోపలికి గుంజింది. తువ్వాల పాతది, చినిగింది, మనిషి మిగిలిండు. ఇప్పుడు జాలీ బోల్టుల పానా నా టేబుల్ సొరుగుల ఉంటది, మోటార్ ఫ్యూజు తీసి నా చేతిల పెట్టినంకనే పానా ఇస్త. మీ ఊడ్చే ఆడోళ్ళ కొంగు, జడ సంగతి కూడ చూడున్రి. ఇగ నెట్టు కాడ, పక్కనుంచి బస్తాలు గుంజనియ్యకున్రి, పైనుంచి మెట్లు మెట్లుగ దించాలె.

పద్దులు_మండపేట:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. మావయ్యగారికి చదివి వినిపించాను, 14,77,950 దగ్గర మళ్ళీ చదవమన్నారు. ఒక్క అనుమానం. పక్క మిల్లువాళ్ళు రాయించిన ఆ కాగితం చెల్లుతుందా? మేమూ మేస్త్రీతో ముందే ఒకటి రాయించుకుంటే?

క్లెయిముల_మాస్టారు:

"దెబ్బ తగిలితే అడగను" అని ముందే రాయించుకున్నది చిత్తుకాగితమే, చట్టం దాన్ని ఒప్పుకోదు. దెబ్బ తగిలాక కుదిరిన ఒప్పందం కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. లేకపోతే అతను రేపు వచ్చి పూర్తి పరిహారం అడిగినా కట్టాల్సిందే. మనిషి పోయిన కేసులో ఇంకా గట్టి: కుటుంబం చేతిలో పెట్టిన పెద్ద మొత్తం పరిహారం కింద లెక్కకి రాదు, కమిషనర్ దగ్గర జమ చేస్తేనే కట్టినట్టు. మూడు నెలల కూలి దాకా అడ్వాన్సు ఇవ్వొచ్చు, అంతే.

మేస్త్రీతో రాయించుకోవాలని ఉంటే ఒకటి రాయించండి. ఏ రోజు ఎవరు పనిలోకి వచ్చారో, ఎవరికెంత కూలి పంచాడో పేరుపేరునా ఇవ్వాలని. మీ పద్దుల్లో ఇప్పుడు "హమాలీ ఖర్చు, మేస్త్రీ" అని ఒక్క గీతే ఉండి ఉంటుంది. ఆ ఎనిమిది మంది పేర్లు, వయసు, కూలి లేకుండా మీ ప్రపోజల్ ఫారం నిండదు, ఈఎస్ఐ నంబరూ రాదు.