పడిపోయిన పరుగుదారును లేపితే అనర్హత వేయాలా? బాథర్స్ట్ 2023 మీద చర్చ

నల్లరేగడి:
2023 ఫిబ్రవరి 18న ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో జరిగిన ప్రపంచ క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా కొండలు, గడ్డి నేలల మీదుగా సాగే పరుగు) పోటీల వీడియోను నిన్న సాయంత్రం మా గ్రౌండులో పిల్లలకు చూపించాను. మహిళల పది కిలోమీటర్ల పరుగులో ఇథియోపియాకు చెందిన లెటెసెన్‌బెట్ గిడే గెలుపు ఖాయమన్నంత దూరం ముందుండి వచ్చింది. ముగింపు గీత కనబడుతుండగా కెన్యాకు చెందిన బియాట్రిస్ చెబెట్ ఆమెను అందుకుంది. అక్కడే గిడే కాళ్లు తేలిపోయి నేలకు ఒరిగింది. పోటీలో లేని వ్యక్తి ఒకరు వచ్చి ఆమెను లేపారు, ఆమె నాలుగో స్థానంలో గీత దాటింది, ఆ తర్వాత సాయం అందుకున్నందుకు ఆమె ఫలితాన్ని రద్దు చేశారు. అప్పటికి 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, హాఫ్ మారథాన్ మూడింటిలోనూ ప్రపంచ రికార్డు ఆమె పేరు మీదే ఉంది.

వీడియో అయిపోయాక తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు, "ఆమె లేపమని అడగలేదు కదా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. అడగని సాయానికి పరుగుదారును శిక్షించడం ఏ విధంగా న్యాయమో ఇక్కడి పెద్దలు చెప్పాలని కోరుతున్నాను.

ఆఖరి ల్యాప్:
నల్లరేగడి గారూ, ఆ పిల్లవాడి ప్రశ్న మంచిదే, కానీ నిబంధన అడిగే ప్రశ్న అది కాదు. సాయం అందిందా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది. 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి స్టేడియంలోకి అందరికంటే ముందు వచ్చి, పదేపదే పడిపోతే అధికారులే పట్టుకుని గీత దాటించారు. ఆయనా అడగలేదు. అయినా ఆయన్ను అనర్హుడిగా ప్రకటించి అమెరికాకు చెందిన జానీ హేస్‌కు స్వర్ణం ఇచ్చారు. మర్నాడు అలెగ్జాండ్రా రాణి పియెట్రికి ఒక కప్పు బహూకరించారు. కప్పు జాలితో ఇవ్వవచ్చు గానీ, స్థానం అలా ఇచ్చేది కాదు.

మీరందరూ గిడే పేరే తలుస్తున్నారు. ఆమె వెనుక ఎవరి చేయీ పట్టుకోకుండా గీత దాటిన అమ్మాయి పేరు మీలో ఎంతమందికి తెలుసు? క్రాస్ కంట్రీలో స్థానమే పాయింటు. ఆరుగురు పరిగెడితే నలుగురి స్థానాలు కూడి జట్టు ఫలితం తేలుస్తారు. ఒకరిని నాలుగో స్థానంలో ఉంచితే వెనుక ఉన్న వాళ్లందరూ ఒక్కో మెట్టు దిగుతారు.

తాటితోపు:
బాథర్స్ట్ జరిగిన 2023లోనే ఆగస్టులో, బుడాపెస్ట్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల 10,000 మీటర్ల పరుగులో నెదర్లాండ్స్‌కు చెందిన సిఫాన్ హసన్ ముందుండి గీత దగ్గర పడిపోయింది, తానే లేచి 11వ స్థానంలో వచ్చింది. ఆ పరుగులో రజతం గిడేదే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నల్లరేగడి:
హసన్ లేవగలిగింది కాబట్టి లేచింది. ట్రాక్ మీద అరగంట పరుగు వేరు, ఎండలో కొండ మీద, గడ్డిలో, బురదలో, ద్రాక్షతోట మధ్య నుంచి పది కిలోమీటర్లు పరిగెత్తడం వేరు.

ఇక నిబంధన సంగతికి వస్తాను. మరో పరుగుదారు చేయి అందించి పడినవారిని నిలబెడితే అది తప్పు కాదని ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనల్లోనే ఉంది. నిలబెట్టిన తర్వాత ముందుకు నడిపిస్తేనే తప్పు. అంటే, లేచి నిలబడినంత మాత్రాన పరుగుదారు ఒక్క అడుగు కూడా ముందుకు పోయినట్టు కాదని నిబంధన రాసినవారే ఒప్పుకున్నారు. నిలబెట్టే చేతికి చెస్ట్ నంబరు ఉంటే న్యాయం, లేకపోతే నేరం అనడం నా బుద్ధికి అందడం లేదు.

2012 డిసెంబరులో స్పెయిన్‌లోని బుర్లాడాలో జరిగిన క్రాస్ కంట్రీ పరుగు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. లండన్ ఒలింపిక్స్ స్టీపుల్‌చేజ్‌లో (అడ్డంకులు దూకుతూ సాగే పరుగు) కాంస్యం గెలిచిన కెన్యా పరుగుదారు ఏబెల్ ముతాయ్ గీత దాటేశాననుకుని ముందే ఆగిపోతే, వెనుక వస్తున్న ఇవాన్ ఫెర్నాండెస్ అనయా దాటి వెళ్లకుండా, అతనికి దారి చూపించి తాను రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ముతాయ్ గెలుపును ఎవరూ రద్దు చేయలేదు, లోకమంతా మెచ్చుకుంది.

పచ్చజెండా:
జిల్లా స్థాయి పోటీల్లో టెక్నికల్ అఫీషియల్‌గా పనిచేస్తున్నాను కాబట్టి ఒక్క విషయం స్పష్టం చేస్తాను. నిర్వాహకులు నియమించిన వైద్య సిబ్బంది పరుగు మధ్యలో చేత్తో పట్టుకుని పరీక్షించినా అది సాయం కిందికి రాదు. ఇక చాలని వైద్యులు చెబితే మాత్రం పరుగుదారు తప్పుకోవాల్సిందే. బాథర్స్ట్‌లో జరిగింది ఈ రెండింటిలో ఏదీ కాదు.

ఆఖరి ల్యాప్:
మీరు చెప్పిన బుర్లాడా ఉదాహరణే మీ వాదాన్ని కొట్టేస్తోంది. ఫెర్నాండెస్ పోటీలో ఉన్నవాడు. అతడు చేసిన మేలుకు మూల్యం తన గెలుపుతోనే చెల్లించుకున్నాడు. బయటి నుంచి వచ్చి లేపేవారు ఏమీ పోగొట్టుకోరు, పోయేది వెనుక వస్తున్న అమ్మాయికే. చెస్ట్ నంబరు ఉన్న చేతికీ లేని చేతికీ తేడా అదే. అది మీ బుద్ధికి అందకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

వేకువజాము:
అసలు తప్పు అలాంటి ఎండలో పరుగు పెట్టిన వాళ్లదని నా అభిప్రాయం. 2007లో కెన్యాలోని మొంబాసాలో జరిగిన ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో ఉక్కపోతకు ఇథియోపియాకు చెందిన కెనెనిసా బెకెలే అంతటివాడే పరుగు మధ్యలో ఆపేస్తే, ఎరిట్రియాకు చెందిన జెర్సెనాయ్ తదెసె గెలిచాడు. 1924 పారిస్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీలో 38 మంది బయలుదేరితే విజేత, ఫిన్లాండ్‌కు చెందిన పావో నుర్మీతో కలిపి 15 మందే గీత దాటారు, ఆ తర్వాత ఒలింపిక్స్ నుంచి ఆ పోటీనే తీసేశారు.

నల్లరేగడి:
ఎండ గురించి వేకువజాము గారు అన్నారు కాబట్టి, ఇంతవరకూ ఎక్కడా చెప్పని సంగతి చెబుతాను.

ఎనిమిదేళ్ల క్రితం ఒక జిల్లా సెలెక్షన్స్‌లో అమ్మాయిల పరుగును పొద్దున ఏడింటికి అని చెప్పి, ముఖ్య అతిథి రావడం ఆలస్యమైందని పది దాటాక మొదలుపెట్టారు. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి మూడో స్థానంలో వస్తూ, గీతకు అరవై అడుగుల దూరంలో, దున్ని వదిలేసిన చేలో ముందుకు పడింది. కుడి కాలి బూటు ఊడి రెండడుగుల వెనకే ఉండిపోయింది. పెదవులకు మట్టి అంటుకుంది, దాన్ని తుడుచుకోవడానికి కూడా చేయి లేవలేదు. తాడుకు ఇవతల నేనున్నాను. నా చొక్కా జేబులో గ్లూకోజు పొట్లం ఉంది. వాలంటీర్లు ఉన్నారు, నిర్వాహకులు ఉన్నారు. ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే పేరు కొట్టేస్తారని అందరికీ తెలుసు. రెండు నిమిషాల పైగా ఆ పిల్ల అలాగే ఉంది.

కనుక ఆఖరి ల్యాప్ గారూ, పుస్తకంలో చదివి నిబంధనను సమర్థించడం తేలిక. ఆ రెండు నిమిషాలు తాడు ఇవతల నిలబడి చూసినవారికే దాని బరువు తెలుస్తుంది.

ఆఖరి ల్యాప్:
నేను పుస్తకంలో చదివి మాట్లాడుతున్నానని మీరు ఎలా అనుకున్నారు? మీరు మీ సంగతి చెప్పారు కాబట్టి నాదీ వినండి.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా జట్టు ఎంపిక పరుగుకు వెళ్లాను. మా అమ్మ వేరుశనగ కోతల్లో ఉంది, నాన్న లేడు, రాత్రి బస్సులో ఒక్కదాన్నే వెళ్లి తెల్లవారుజామున బస్టాండులోనే ముఖం కడుక్కున్నాను. నలుగురిని తీసుకుంటామన్నారు. చివరి కిలోమీటరులో నా ముందున్న అమ్మాయికి ఆమె తాలూకు మనుషులు ఇద్దరు గట్టు మీద పక్కనే పరిగెడుతూ నీళ్లు అందించారు, నెత్తిన పోశారు. కాలువ గట్టు ఎక్కే చోట ఆమె జారితే ఒకాయన మోచేయి పట్టుకుని పైకి లాగాడు. అక్కడ జెండా పట్టుకుని నిలబడ్డ అధికారి తల అటు తిప్పుకున్నాడు. అదే గట్టును నేను చేతులతో గడ్డి పట్టుకుని ఎక్కాను. ఆమె నాలుగు, నేను ఐదు. మా ఇద్దరి మధ్య మూడడుగుల దూరం ఉంది. ఫిర్యాదు చేస్తే, "పడబోతున్న పిల్లను పట్టుకున్నారు, అందులో తప్పేముందమ్మా" అన్నారు. ఇప్పుడు మీరంటున్న మాట కూడా అదే.

బయటి నుంచి సాయం అందకూడదన్న ఆ నిబంధన ఒక్కటే, వెంట ఎవరూ లేకుండా వచ్చిన నాలాంటి వాళ్లకు ఉన్న తోడు. దాన్ని తీసేస్తే, గట్టు పక్కన మనుషులున్న వాళ్లే పరుగులు గెలుస్తారు.

తాటితోపు:
ఇద్దరూ కొంచెం శాంతించాలని మనవి. ఇద్దరికీ జరిగింది అన్యాయమే.

నల్లరేగడి:
మీకు జరిగింది చదివాక నా మాటలోని పరుషత్వానికి క్షమాపణ చెబుతున్నాను. కానీ మీకు నష్టం జరిగింది నిబంధనను అమలు చేయకపోవడం వల్ల, మా పిల్లకు నష్టం జరిగింది దాన్ని అమలు చేస్తారన్న భయం వల్ల. కిందపడి కదల్లేని మనిషిని నిలబెట్టడాన్నీ, గట్టు మీదికి లాగడాన్నీ ఒకే తాటికి కట్టవద్దని మాత్రమే నేను అడుగుతున్నాను.

డల్లాస్ అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్ క్రాస్ కంట్రీ జట్టులో పరిగెడుతుంది. నేను చూసిన పోటీల్లో గీత దాటగానే పట్టుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్లు సిద్ధంగా ఉంటారు, కానీ గీతకు ఇవతల పడినవారి విషయంలో ఇక్కడి తల్లిదండ్రులు కూడా మీలాగే వాదించుకుంటారు.

ఆఖరి ల్యాప్:
నల్లరేగడి గారూ, మీ క్షమాపణను స్వీకరిస్తున్నాను. అయితే ఒక మాట అడగక తప్పదు, నొప్పి కలిగిస్తే మన్నించండి. పడిపోయినవారిని లేపకూడదని ఆ నిబంధనలో ఎక్కడా లేదు. లేపితే స్థానం లెక్కలోకి రాదని మాత్రమే ఉంది. ఆ రోజు తాడు దాటి వెళ్లడానికి మిమ్మల్ని ఎవరూ ఆపలేదు. వెళ్లి ఉంటే ఆమె మూడో స్థానం పోయేది, అంతే. ఆ రెండు నిమిషాలు మిమ్మల్ని పట్టి ఉంచింది నిబంధనా, మూడో స్థానమా?

పచ్చజెండా:
ఈ మాట కాస్త మెత్తగా అడిగి ఉండవలసింది.

నల్లరేగడి:
అడగవలసిన మాటే. రాత్రంతా దీని గురించి ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

మీరన్నది నిజం. నేను స్థానం గురించే ఆలోచించాను. లేస్తుంది, లేస్తే జిల్లా జట్టులో ఉంటుంది, రాష్ట్ర పోటీలకు వెళుతుంది, స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది అని లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాను. వాళ్ల నాన్న ఆ సీటు కోసమే కూతురిని నాకు అప్పగించాడు. ఆ పిల్ల ఊపిరి ఎలా ఉందో చూడవలసిన సమయంలో, వెనుక ఎవరు వస్తున్నారో చూశాను.

అందువల్లనే నా అభిప్రాయం మారలేదు, ఇంకా గట్టిపడింది. పిల్ల ప్రాణం ఒకవైపు, ఆమె ఏడాది కష్టం ఒకవైపు పెట్టి, క్షణంలో ఏదో ఒకటి ఎంచుకోమని తాడు ఇవతల నిలబడ్డ మనిషిని అడిగే నిబంధన మంచిది కాదు. నాలాగే చాలామంది తప్పుడు వైపే ఎంచుకుంటారు. లేపినా స్థానం పోదని ఉంటే నేను మొదటి క్షణంలోనే దూకేవాణ్ణి. గిడేను లేపిన వ్యక్తి నాకంటే మంచి మనిషి, ఆయన మంచితనానికి ఆమె నాలుగో స్థానం పోయింది.

ఆఖరి ల్యాప్:
ఇప్పుడు మనం అసలు చోటికి వచ్చాం. లేపినా స్థానం పోదంటే, రేపు ప్రతి సెలెక్షన్స్‌లోనూ అరవై అడుగుల ముందు పడేవాళ్లు ఎక్కువవుతారు, లేపేవాళ్లు అంతకంటే ఎక్కువవుతారు, ఏది నిజమైన పడటమో జెండా పట్టుకున్న అధికారి చెప్పాలి. ఆ అధికారి ఎటు తల తిప్పుకుంటాడో నేను చూశాను. మీకు మనుషుల మీద ఉన్న నమ్మకం నాకు లేదు. లేపండి, నీళ్లివ్వండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆమె పరుగు గురించి రాయండి, కావాలంటే రాణిగారిలా కప్పు ఇవ్వండి. స్థానం మాత్రం ఇవ్వకండి.

పచ్చజెండా:
వచ్చే నెల మా జిల్లాలో ఎంపిక పరుగు ఉంది. చివరి రెండు వందల మీటర్లలో అధికారికంగా నియమించిన నర్సును ఉంచాలనీ, పడినవారి దగ్గరికి ఆమె వెళ్లి పరీక్షించడం సాయం కిందికి రాదని పరుగుకు ముందే మైకులో చెప్పాలనీ లిఖితపూర్వకంగా అడుగుతాను. ఆ ఖర్చుకు డబ్బు లేదంటారని తెలుసు, అయినా అడుగుతాను.

నల్లరేగడి:
అడగండి, ఆ కాగితం మీద నేనూ సంతకం పెడతాను. గిడే నాలుగో స్థానం విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

ఆఖరి ల్యాప్:
నేనూ మార్చుకోను. మీ పిల్ల ఆ రోజు చివరికి ఎన్నో స్థానంలో వచ్చిందో మీరు చెప్పలేదు.

నల్లరేగడి:
పదకొండు. ఊడిన బూటు చేత్తో పట్టుకుని, తానే లేచి వచ్చింది. ఫలితాల కాగితం మీద ఆమె పేరు ఉంది. ఆ తర్వాత మళ్లీ గ్రౌండుకు రాలేదు.