ఐదు రకాల ఆకు టీలు పక్కపక్కన పెట్టి రుచి చూడాలంటే కొలతలెలా?

పొద్దుటి_పొగలు:

ఐదు రకాల ఆకు టీలు తెప్పించాను: డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో మొదటి కోత), అస్సాం ఆర్థడాక్స్ (గుళికలు చేయకుండా ఆకును మెలితిప్పి చేసినది, సెకండ్ ఫ్లష్, అంటే రెండో కోత), నీలగిరి, ఎర్ల్ గ్రే, జాస్మిన్ గ్రీన్ టీ. అన్నీ 50 గ్రాముల ప్యాకెట్లే. పోల్చి చూసుకుని వీటిలో రెండిటికి పెద్ద ప్యాకెట్లు తెప్పించాలి.

చేసిన పద్ధతి: ఒక్కోదానికి ఒక టీ స్పూను ఆకు, 200 మి.లీ. మరిగిన నీళ్లు, మూత లేకుండా స్టీలు గ్లాసులో 4 నిమిషాలు, తర్వాత వడకట్టడం. పాలు, పంచదార లేవు.

ఫలితం: డార్జిలింగ్ వేడినీళ్లలా పలచగా ఉంది. అస్సాం నాలుక పట్టేసింది. జాస్మిన్ చేదు. ఎర్ల్ గ్రే తాగాక మిగతావన్నీ ఎర్ల్ గ్రేలాగే అనిపించాయి. నీలగిరి గురించి రాసుకోవడానికి ఏమీ తోచలేదు.

బోరు నీళ్ల టీడీఎస్ 600, ఆర్వో నీళ్లది 25. వాడింది ఆర్వో.

తప్పు ఆకులోనా, చేసే తీరులోనా?

తూకంరాయి:

ముందు ఆ స్పూను పక్కన పెట్టండి. స్పూను చోటును కొలుస్తుంది గానీ బరువును కొలవదు. ఫస్ట్ ఫ్లష్ ఆకు పొడుగ్గా, మెలితిరిగి, మధ్యలో ఖాళీలతో ఉంటుంది. స్పూను నిండా వేసినా గ్రామున్నర రావడం కష్టం. అదే బీఓపీ గ్రేడు లాంటి విరిగిన ఆకైతే రెండున్నర గ్రాములు సులువుగా పడుతుంది. పైగా ముక్క చిన్నదయ్యేకొద్దీ నీళ్లు తగిలే చోటు ఎక్కువ, సారం తొందరగా దిగుతుంది. అంటే మీ అస్సాంకి రెండు విధాలా ఎక్కువ పడింది, డార్జిలింగ్‌కి రెండు విధాలా తక్కువ పడింది. అస్సాం ప్యాకెట్ మీద గ్రేడు ఏం రాశారో ఒకసారి చూడండి.

0.1 గ్రాము తేడా చూపే చిన్న తూకం కావాలి. అది లేకుండా పోలిక కుదరదు.

రుచి పరీక్షకు టీ ఎలా పెట్టాలో ఐఎస్ఓ 3103 అనే ప్రమాణం ఉంది. 1980లో మొదటిసారి వచ్చింది. 100 మి.లీ. నీళ్లకు 2 గ్రాముల ఆకు, అప్పుడే మరిగిన నీళ్లు, మూత పెట్టి 6 నిమిషాలు. గువాహటి, సిలిగురి, కూనూరు లాంటి వేలం కేంద్రాలకు వచ్చే సరుకు రుచి చూసి ధర కట్టే టేస్టర్లు మాత్రం ఎక్కువగా 5 నిమిషాలే ఉంచుతారు. హాయిగా తాగడానికి ఇది గట్టి కొలతే. కావాలనే అలా పెడతారు, లోపముంటే దాక్కోకుండా.

ఇంట్లో బ్లాక్ టీలకు ఇలా పెట్టుకోండి:

1. లోపల తెల్లగా ఉండే ఒకే సైజు పింగాణీ కప్పులు తీసుకోండి. స్టీలు గ్లాసులో డికాషన్ రంగు తెలియదు, వేడి కూడా త్వరగా పోతుంది.
2. కప్పుల్లో వేడినీళ్లు పోసి ఒక నిమిషం ఉంచి పారబోయండి. చల్లటి కప్పు మొదటి వేడినంతా లాగేసుకుంటుంది.
3. కప్పుకు 3 గ్రాముల ఆకు, 150 మి.లీ. నీళ్లు. నీళ్లు తెర్లగానే పోయాలి.
4. వెంటనే సాసర్ బోర్లించండి. మూత లేకపోతే ముందు పోయేది వాసనే.
5. కప్పుకూ కప్పుకూ 30 సెకన్ల తేడాతో పోయండి, 5 నిమిషాల తర్వాత అదే వరసలో, అదే తేడాతో వడకట్టండి. అన్నీ ఒకేసారి పోసి ఒక్కొక్కటే వడకడితే ఆఖరి కప్పులో ఆకు రెండు నిమిషాలు ఎక్కువ నానుతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.
6. చివరి చుక్కదాకా వంపేయండి. నానిన ఆకును ఆ సాసర్‌లోనే పరిచి కప్పు ముందు పెట్టండి.

ఆ నానిన ఆకు చాలా చెబుతుంది. మంచి అస్సాం ఆకు కొత్త రాగిచెంబు రంగులో మెరుస్తుంది. మాడు వాసన వస్తే ఆరబెట్టేటప్పుడు వేడి మితిమీరినట్టు. పుల్లటి వాసన వస్తే మాగడం (నలిపిన ఆకు గాలి తగిలి రంగు మారడం) ఎక్కువైనట్టు. ఫస్ట్ ఫ్లష్ ఆకు ఆకుపచ్చగా కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. దాన్ని వాడబెట్టేటప్పుడే బాగా తేమ లాగేస్తారు, అందుకే పూర్తిగా మాగదు. పేరుకు బ్లాక్ టీ, రంగు మాత్రం లేత బంగారం. మీకు పలచగా అనిపించడానికి సగం కారణం తక్కువ ఆకు, సగం కారణం అస్సాం రంగును దీనిలో వెతకడం.

బోరునీళ్లు:

నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మీ దగ్గరున్న రెండూ పనికిరావు.

బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. డికాషన్ రంగు నల్లబడుతుంది, మెరుపు పోతుంది, చల్లారేకొద్దీ పైన నూనెలాంటి తెట్టు కడుతుంది. అది నూనె కాదు, నీళ్లలోని కాల్షియం, టీలో వగరునిచ్చే పాలీఫినాళ్లు కలిసి కట్టిన పొర. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే చెదిరిపోతుంది, రంగు కూడా తేలుతుంది. ఇక 25 టీడీఎస్ ఆర్వో నీళ్లలో టీ శుభ్రంగానే ఉంటుంది గానీ చప్పగా, నిండుదనం లేకుండా తేలిపోతుంది. వగరు మాత్రం పొడుచుకొస్తుంది.

50 నుంచి 150 మధ్య ఉంటే బాగుంటుంది. మీ లెక్కకు ఒక గ్లాసు బోరు, ఆరు గ్లాసుల ఆర్వో కలిపితే 107 వస్తుంది. కానీ మీటరు చూపేది కరిగిన లవణాల మొత్తమే. అందులో సున్నం ఎంత, ఉప్పు ఎంత అన్నది చెప్పదు. బోరు నీళ్లు నోటికి ఉప్పగా తగిలితే కలపకండి. నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లోనైతే అసలే వద్దు, టీ ఆకులోనే సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది, మళ్లీ దానికి తోడు ఎందుకు? అలాంటి చోట లేబుల్ మీద టీడీఎస్ రాసి ఉన్న డబ్బా నీళ్లు మేలు.

ఏ నీళ్లైనా ఐదు కప్పులకూ ఒకే కెటిల్‌వి వాడండి.

వగరుపిందె:

"అస్సాం నాలుక పట్టేసింది" అన్నారు, "జాస్మిన్ చేదు" అన్నారు. ఆ రెండూ వేరువేరు సంగతులు. టీ రుచి చూడటంలో మొదట విడదీయాల్సింది వీటినే.

మామిడి పిందె, పచ్చి అరటికాయ, పోకచెక్క చేసేది వగరు. కాకరకాయ, నమిలిన మెంతులు చేసేది చేదు. చేదు నాలుక మీద రుచిగా తెలుస్తుంది. వగరు రుచికన్నా స్పర్శకే దగ్గర. బుగ్గల లోపల, చిగుళ్ల మీద తడి లాగేసినట్టు ఉంటుంది. తేడా తెలియడానికి గుక్కను ఐదు సెకన్లు నోట్లో ఉంచి ఉమ్మేయండి, తర్వాత నాలుకను అంగిలికి రుద్దండి. గరుకుగా తగిలితే వగరు.

అస్సాంకి వగరు ఉండాలి. టేస్టర్లు "బ్రిస్క్" అని మెచ్చుకునేది దాన్నే. మాగేటప్పుడు తయారయ్యే థియాఫ్లావిన్ల వల్ల ఆ చురుకు, డికాషన్‌కి మెరుపు వస్తాయి. చిక్కదనం, ఎరుపు థియారూబిజిన్లవి. మంచి వగరు గుక్క దిగాక అర నిమిషంలో సర్దుకుని నోరూరిస్తుంది. పాడు వగరు నాలుక మీద సుద్దలా కూర్చుంటుంది, ఎంతకీ పోదు.

వాసనలకు ప్యాకెట్ వెనక రాసిన మాటలు పట్టుకోకండి. మన వంటింటి మాటలే రాసుకోండి. అస్సాంకి "మాల్టీ" అని రాస్తారు కదా, మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండిని దోరగా వేయించి వాసన చూడండి, అదే. ఫస్ట్ ఫ్లష్‌లో పచ్చి చిక్కుడు ఒలిచినప్పటి వాసన, దాని వెనక పూల వాసన దొరుకుతాయి. మే, జూన్‌లలో వచ్చే డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ ఎప్పుడైనా తెప్పిస్తే ఎండుద్రాక్ష వాసన వెతకండి. పచ్చదోమలు, తామర పురుగులు రసం పీల్చినప్పుడు చెట్టు తన రక్షణకు చేసుకునే పదార్థాల నుంచి వచ్చే పరిమళం అది. పత్తి రైతు పొలంలో పచ్చదోమ కనపడితే మందు కొడతాడు, అక్కడ దాని చలవతోనే ధర పలుకుతుంది!

నీలగిరిని వేడిమీద కాదు, చల్లారాక చూడండి. వేడిగా ఉన్నప్పుడు అస్సాం పక్కన అది కనపడదు. పది నిమిషాలయ్యాక ఒకసారి, ఇరవై నిమిషాలయ్యాక ఇంకోసారి రుచి చూడండి. అస్సాం చల్లారితే మబ్బు పట్టినట్టు తెల్లబారుతుంది. కెఫీన్, థియాఫ్లావిన్లు కలిసి గుంపు కట్టడం వల్ల అలా అవుతుంది, లోపమేమీ కాదు, బలమైన టీకి గుర్తు. నీలగిరి చాలావరకు తేటగానే నిలుస్తుంది. ఐస్ టీకి దాన్ని ఎంచుకునేది అందుకే.

స్పూనుతో తీసుకుని గట్టిగా జుర్రండి. భోజనాల దగ్గర జుర్రితే పెద్దవాళ్లు కసురుతారు గానీ ఇక్కడ గాలి కలవకపోతే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కదు. పొగలు కక్కుతుండగా వద్దు, 55-60 డిగ్రీలకు దిగాక. కప్పుకూ కప్పుకూ మధ్య మామూలు నీళ్లు, నాలుగు ఉప్పులేని మరమరాలు. అంతకు గంట ముందు నుంచి ఊరగాయ, వక్కపొడి, సోంపు ఏవీ ముట్టొద్దు.

పొద్దుటి_పొగలు:

బీఓపీ అనే రాసి ఉందండీ అస్సాం మీద. తూకం, కప్పులు సరే. జాస్మిన్‌కీ ఎర్ల్ గ్రేకీ కూడా అదే 3 గ్రాములు, మరిగే నీళ్లేనా? పాలు పోసి కూడా పోల్చవచ్చా?

ఇలాచీ_తొక్క:

జాస్మిన్‌కి మరిగే నీళ్లు పోయకండి. 80 డిగ్రీల నీళ్లు, 2 నిమిషాలు చాలు. థర్మామీటర్ లేకపోతే మూడు వంతుల మరిగే నీళ్లలో ఒక వంతు మామూలు నీళ్లు కలపండి. మామూలు నీళ్లు 30 డిగ్రీలుంటే సుమారు 82 వస్తుంది. గ్రీన్ టీ ఆకును కోసిన వెంటనే వేడి తగిలించి మాగకుండా ఆపేస్తారు. అందులో చేదు, వగరు ఇచ్చే కాటెకిన్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, మరిగే నీళ్లకు అవన్నీ ఒక్కసారిగా దిగి చేదెక్కుతుంది.

వాసన ఎలా పట్టించారో కూడా చూడాలి. అసలైన జాస్మిన్ టీకి చైనాలో వాడేది మన మల్లె జాతి పువ్వే. సాయంత్రం దాకా మొగ్గగా ఉండి రాత్రి విచ్చుకుంటుంది కాబట్టి రాత్రిపూట ఆకూ పూలూ కలిపి ఉంచి, వాసన ఇచ్చేసిన పూలు ఏరేసి, ఆకును ఆరబెట్టి, మళ్లీ కొత్త పూలతో కలుపుతారు. ఇలా చాలాసార్లు. అందుకే ప్యాకెట్లో రేకలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి నాణ్యత తెలియదు. అవి ఎక్కువగా కంటికోసమే. పైన ఫ్లేవర్ చల్లినదైతే మొదటి కాపులో గుప్పుమని, రెండో కాపుకు ఉత్త ఆకు మిగులుతుంది. పూలతో పట్టించినది రెండో కాపులోనూ పలకరిస్తుంది. అదే ఆకుకు రెండోసారి నీళ్లు పోసి చూడండి.

ఎర్ల్ గ్రే వాసన బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనెది, ఆ పండు ఎక్కువగా ఇటలీలోని కలాబ్రియాలో పండుతుంది. లేబుల్ మీద నూనె అని ఉందో, "నేచర్ ఐడెంటికల్" (అదే వాసనకు కృత్రిమంగా చేసినది) అని ఉందో చదవండి. నూనె మోతాదు మించితే సబ్బు వాసన కొడుతుంది. ఎర్ల్ గ్రేని అన్నిటికన్నా ఆఖర్న తాగండి, దాని స్పూను, వడపోత వేరే పెట్టండి. ప్యాకెట్‌నీ మిగతావాటితో ఒకే డబ్బాలో పెట్టకండి. టీ ఆకు పక్కదాని వాసన ఇట్టే పీల్చుకుంటుంది. మీకు అన్నీ ఎర్ల్ గ్రేలా అనిపించడానికి తాగిన వరస కారణమా, దాచిన డబ్బా కారణమా అన్నది పొడి ఆకును వాసన చూస్తేనే తేలిపోతుంది.

తూకంరాయి:

ఇలాచీ_తొక్క గారూ, తాగడానికైతే 80 డిగ్రీలు సరే. పోలికలో ఒక కప్పుకు ఒక వేడి, ఇంకో కప్పుకు ఇంకో వేడి పెడితే ఆకును పోల్చినట్టా, మన చేతివాటాన్ని పోల్చినట్టా?

ఇలాచీ_తొక్క:

అందుకే జాస్మిన్‌ని ఆ నాలుగింటి వరసలో పెట్టొద్దంటున్నాను. పక్కన మామూలు గ్రీన్ టీ పెట్టండి, రెండిటికీ 80 డిగ్రీలే. మల్లె వాసన తీసేస్తే అడుగున ఆకు ఏపాటిదో అప్పుడు తెలుస్తుంది. ఎర్ల్ గ్రేకి కూడా జోడీ మామూలు బ్లాక్ టీయే. డార్జిలింగ్‌తో దానికి పోటీ పెట్టడం చింతపండునీ బెల్లాన్నీ పోల్చినట్టు.

తూకంరాయి:

సరే, ఆ మాట ఒప్పుకుంటున్నా. అప్పుడు ఒక వరసలో డార్జిలింగ్, నీలగిరి, అస్సాం, అదే వరసలో తాగండి, తేలిక నుంచి బరువుకు.

పాల సంగతి: ఫస్ట్ ఫ్లష్‌లో పోయకండి, డబ్బు దండగ. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ పాలీఫినాళ్లను పట్టేసుకుని వగరు తగ్గిస్తుంది. తగ్గించడానికి సరిపడా వగరు ఉన్న అస్సాంకే అది మేలు. 150 మి.లీ. డికాషన్‌కు 15 మి.లీ. కాచిన పాలు పోసి చూడండి. బంగారు గోధుమ రంగుకు తిరిగితే మంచి ఆకు, బూడిద రంగుకు తిరిగితే నాసి. ఇరానీ చాయ్‌లా దమ్ము పెట్టి గంటలకొద్దీ డికాషన్ మగ్గించాలంటే మాత్రం ఈ ఆకులేవీ వద్దు, దానికి సీటీసీ (యంత్రంలో నలిపి, చీల్చి, చుట్టిన) పొడే సరైనది. సన్నటి గుళికలు, రంగు, చిక్కదనం అన్నీ అందులోనే.

వగరుపిందె:

పెద్ద ప్యాకెట్లు తెప్పించే ముందు ఇంకొక్కటి. నీలగిరికీ డార్జిలింగ్‌కీ తేడా నిజంగా నోటికే తెలుస్తోందా, ప్యాకెట్ చూసి తెలుస్తోందా? మూడు కప్పులు పెట్టించండి, రెండిటిలో ఒకే టీ, మూడోదాంట్లో వేరేది. కప్పు అడుగున చిన్న చీటీ అంటించి వేరేవాళ్ల చేత వరస మార్పించండి. రంగు పట్టివ్వకుండా లైటు తగ్గించండి, లేదా కళ్లు మూసుకోండి. వేరేది ఏదో మీరు చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి చెప్పేస్తే లెక్కలోకి రాదు. 6 సార్లలో 5 సార్లు సరిగ్గా చెబితే అది గాలివాటం అయ్యే అవకాశం నూటికి రెండుకన్నా తక్కువ. 4 సార్లే అయితే ఇంకో రోజు మళ్లీ చూడండి. మూడు, అంతకన్నా తక్కువైతే రెండిట్లో చవకది తెప్పించుకోండి.