బీడీల చాట పక్కన నా కూతురు కూర్చుంది

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఊరు. ఏడేళ్లప్పుడు అమ్మ చుట్టిన బీడీలు నా ముందు పోసి మొనలు మడవమంది. పదేళ్లకు రేకు అచ్చు పెట్టి తునికాకు కత్తిరించాను. అన్నయ్య బడి నుంచి రాగానే ఆటకు పోయేవాడు. నన్నెవరూ కొట్టలేదు. "చేతిలో పనుంటే అత్తవారింట్లో విలువ" అన్నారు, అంతే. నిన్న నా కూతురు అడగకుండానే వచ్చి చాట పక్కన కూర్చుంది. గుండె జారింది. ఏం చేయాలి?

సిరిసిల్ల నుంచి: నన్ను చూడవచ్చినవాళ్లు ముందు అడిగింది రోజుకెన్ని చుడతావనే. వెయ్యి అన్నాను, సంబంధం కుదిరింది. అక్కా, పాపను లేపండి. బాబును కూర్చోబెట్టినా నాకు సమ్మతం కాదు, ఆ పొగాకు ఘాటు పిల్లలకెందుకు?

జగిత్యాల నుంచి: అమ్మ చేసేది "ఖాళీ సమయంలో పని" అని పాపకు చెప్పకండి. 1966 నాటి బీడీ కార్మికుల చట్టమే ఇంట్లో చుట్టేవారిని కార్మికులుగా గుర్తించింది. మన ఇళ్లలోనే ఆ మాట అనరు.

అడిగినామె: ఈ సాయంత్రం పాపను ఆటకు పంపాను. కట్టలు లెక్కపెట్టి దారం చుట్టలు సర్దమని వాళ్ల నాన్నకు చెప్పాను. మొదటి కట్టలో ఇరవై నాలుగే వచ్చాయి. మళ్లీ లెక్కపెడుతున్నారు.