కాయ పాడైపోతుందని ఒప్పుకున్న ధర న్యాయమైనదేనా? ఉదారవాద అర్థశాస్త్రం చదివినవాళ్లు చెప్పండి

నమస్తే అండి. నేను తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె, తోతాపురి మామిడి తోట ఉంది. 2025లో కాయ ధర కుప్పకూలినప్పుడు ప్రభుత్వం కిలోకి 12 రూపాయలని ప్రకటించింది. గుజ్జు ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలి, మిగతా 4 ప్రభుత్వానిది. దీని మీద మా క్లాసులో పెద్ద వాదనే జరిగింది.

ఒక ఫ్రెండ్ ఉదారవాద (వ్యక్తి స్వేచ్ఛ, స్వేచ్ఛా మార్కెట్ ముఖ్యమనే) అర్థశాస్త్రవేత్త హయెక్ వాదన తెచ్చాడు. మార్కెట్ ధర ఎవరో ఒకరు కావాలని నిర్ణయించింది కాదు, కాబట్టి అక్కడ న్యాయం, అన్యాయం అనే మాటలకే అర్థం లేదన్నాడు. పైగా ఇద్దరూ ఒప్పుకుంటేనే కదా అమ్మకం! ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. కానీ కోసిన కాయ ఆగదు. ట్రాక్టరు ఫ్యాక్టరీ గేటు ముందు రాత్రంతా నిలబడ్డాక మా నాన్న 'సరే' అంటే, అది స్వేచ్ఛగా ఒప్పుకున్నట్టేనా?

ఉదారవాద అర్థశాస్త్రానికి ఆద్యుడనే ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో నీతిశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. 'వెల్త్ ఆఫ్ నేషన్స్' (1776) కంటే ముందే, 1759లో, నైతిక భావాల మీద పుస్తకం రాశాడు. కూలి పెరగకుండా యజమానులు లోలోపల ఒక్కటవుతారని రాసిందీ ఆయనే. అందుకే నా ప్రశ్నకు జవాబు ఉదారవాదంలోనే దొరుకుతుందని నా నమ్మకం.

బేరమాడే బలం సమానంగా లేనప్పుడు ఒప్పందం న్యాయమేనా అని ఉదారవాదుల్లో ఎవరు సూటిగా చర్చించారు? ఉదారవాద ఆలోచనాపరులు జాన్ స్టువర్ట్ మిల్, అమర్త్య సేన్‌లలో ముందు ఎవరిని చదవాలి? తెలుగులో ఏమైనా ఉంటే మా నాన్నకూ చదివి వినిపిస్తాను. మద్దతు ధర ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, దయచేసి అటు వెళ్లకండి. వచ్చే నెల సెమినార్ ఉంది.