బెంగళూరులో పర్యావరణానికి పనికొచ్చే ఉద్యోగాలు: ఎవరైనా మారారా?

పీణ్య మెకానికల్
నమస్తే అండీ. మాది ఒంగోలు. బీటెక్ అయ్యాక పీణ్యలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చేరా, ఐదేళ్లయింది. బాయిలర్, కంప్రెసర్లు నావే. పర్యావరణానికి మేలు చేసే పనిలోకి మారాలనుంది. నౌకరీ సైట్లో 'గ్రీన్' అని వెతికితే సగం మార్కెటింగ్ ఉద్యోగాలే వస్తున్నాయి. మళ్లీ ఎంటెక్ చదవాలా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, జీతం మరీ పడిపోతే కష్టం.

సర్జాపూర్ అక్క
ఎంటెక్ ఎందుకు తమ్ముడూ, చేతిలో పని పెట్టుకుని. నేను ఇటువైపు అపార్ట్‌మెంట్ల ఎస్టీపీలు చూస్తుంటా. మురుగునీళ్లు శుద్ధిచేసే ప్లాంట్లు ఇక్కడ పెద్ద అపార్ట్‌మెంట్లకి తప్పనిసరి. కట్టించడం కట్టిస్తారు, నడపడం తెలిసినవాళ్లే ఉండరు. ఒకచోట ఎప్పుడూ కంపు అని గోల. వెళ్లి చూస్తే కరెంటు బిల్లు మిగులుతుందని రాత్రిళ్లు ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ కట్టేస్తున్నారు! గాలి అందకపోతే ట్యాంకులో మురికిని తినే బ్యాక్టీరియా బతుకుతుందా? ఆ గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచితే సంగతి తెలిసిపోతుంది. గోధుమరంగు బురద అడుక్కి దిగి పైన తేటనీరు నిలవాలి. అక్కడ మాత్రం జాడీ మొత్తం నల్లగానే ఉంది. ఆపరేటర్ కుర్రాడికి ఈ పరీక్ష నేర్పాక ఆ నీళ్లు ఫ్లష్‌లకి వెళ్తున్నాయి, ట్యాంకర్లు తగ్గాయి. 2024 ఎండాకాలంలో నీళ్లకి కటకట వచ్చినప్పుడు గానీ అసోసియేషన్లకి మా విలువ తెలియలేదు. అయినా ఆపరేటర్ జీతం వాచ్‌మన్ జీతమే, అదే నా కడుపుమంట. పంపులు, బ్లోయర్లు తెలిసిన ఇంజినీరుకైతే నాలుగైదు సైట్లు కలిపి అప్పగిస్తారు, నయమే.

హెచ్ఎస్ఆర్ కమిటీ మెంబర్
అక్క చెప్పింది నిజం. మా జనరల్ బాడీలో ఆపరేటర్ జీతం పెంచుదామంటే, పైపు తిప్పేవాడికి అంత జీతమా అన్నారు. ట్యాంకర్ బిల్లులు ముందు పెట్టాకే ఒప్పుకున్నారు.

ఆడిట్ మావయ్య
మెకానికల్ గారూ, బాయిలర్, కంప్రెసర్ అంటున్నారు, మీకు దారి అక్కడే ఉంది. 2001 ఇంధన పొదుపు చట్టం ప్రకారం సిమెంటు, ఉక్కు, ఎరువుల్లాంటి భారీ పరిశ్రమలు ఎనర్జీ మేనేజర్‌ని పెట్టుకోవాలి, ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో ఆడిట్ చేయించుకోవాలి. బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) వాళ్ల పరీక్ష రాయండి. ఆడిటర్‌కి నాలుగు పేపర్లు, మేనేజర్‌కి మూడే. ఇంజినీరింగ్ డిగ్రీతో మూడేళ్ల అనుభవం ఉంటే ఆడిటర్‌కి కూర్చోవచ్చు, అది మీకుంది. రెండో పేపరంతా బాయిలర్లు, ఫర్నేసులే. కంప్రెసర్ ప్రెషర్ ఒక్క బార్ తగ్గిస్తే ఇంచుమించు ఆరేడు శాతం కరెంటు మిగులుతుంది. దీన్ని ఎవరూ గ్రీన్ జాబ్ అనరు, ఫొటోలూ తియ్యరు.

పావగడ పిల్లోడు
సోలారని ఎగబడబాకండి అన్నా. మా పావగడ పక్క సోలార్ పార్కు 2050 మెగావాట్లు, ఊళ్లకు ఊళ్లు ఎకరాకి ఏడాదికి 21,000తో కౌలుకిచ్చినాయి. భూమి ఉన్నోళ్లకి బాగానే ఉండాది. కూలోళ్లకి దొరికింది గడ్డి కోయడం, ప్యానెళ్లు కడగడం, కాపలా. ఇంజినీర్లు బయటినుంచే వస్తారు. ఊళ్లో ఇండ్ల మీద ప్యానెళ్లు బిగించే పని మటుకు 2024లో ఇంటి సోలార్‌కి కేంద్రం సూర్యఘర్ సబ్సిడీ వచ్చినాక పెరిగింది. 3 కిలోవాట్లకి 78,000 ఇస్తాండారు గదా. నేను ఇప్పుడు యలహంకలో అదే చేస్తాండా.

వైట్‌ఫీల్డ్ ఎక్సెల్
నేను బీఆర్ఎస్ఆర్ రిపోర్టులు రాస్తా, అంటే కంపెనీ పర్యావరణం, సమాజం విషయంలో ఏం చేస్తోందో చెప్పేవి. 2022-23 నుంచి పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటికి సెబీ తప్పనిసరి చేసింది కాబట్టి ఉద్యోగాలకి కొదవ లేదు, జీతం కూడా బాగుంది. రోజంతా ప్లాంటువాళ్లని డీజిల్ బిల్లులు బతిమాలుకోవడమే పని. ఇంటర్వ్యూలో ఒకటి అడగండి: నా బాస్ ప్లాంట్ హెడ్డా, మార్కెటింగ్ హెడ్డా? రెండోవారైతే మీరు చెయ్యబోయేది బ్రోషర్లు.

పీణ్య మెకానికల్
అందరికీ థ్యాంక్సండీ. ఎంటెక్ ఆలోచన మానేశా. మావయ్య గారూ, పరీక్ష లోపు మా ప్లాంటులోనే ఏదైనా చేసి చూపించొచ్చా? మేనేజర్ ఖర్చుకి ఒప్పుకోడు.

ఆడిట్ మావయ్య
పైసా ఖర్చు లేదు. ఆదివారం మెషిన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడపండి. ఎంతసేపు లోడవుతోందో (గాలి నింపుతోందో), ఎంతసేపు అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా ఊరికే తిరుగుతూ) ఉంటోందో ఫోన్లో టైమర్ పెట్టి రాసుకోండి, ఓ పదిసార్లు. గాలి ఎవరూ వాడనప్పుడు లోడైందంటే అదంతా లీకే. దాన్ని రూపాయల్లోకి మార్చి మేనేజర్‌కి చూపించండి, యూనిట్ల లెక్క చెప్తే వినరు. రీడింగులు ఇక్కడ పెట్టండి, నేను చూస్తా.