పచ్చబొట్టు మీద పుస్తకాలు పోగేసేవాళ్ళున్నారా? ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి?

బెజవాడ_బుక్కు:
అందరికీ నమస్కారం. నా ఒంటి మీద ఒక్క టాటూ లేదు, పొడిపించుకునే ధైర్యమూ లేదు. పచ్చబొట్టు చరిత్ర మీద పుస్తకాల పిచ్చి మాత్రం ఈమధ్య గట్టిగా పట్టుకుంది. దానికి కారణం స్టీవ్ గిల్బర్ట్ కూర్చిన 'టాటూ హిస్టరీ: ఎ సోర్స్ బుక్'. 2000లో వచ్చింది. ఎప్పటెప్పటి నావికులో, పరిశోధకులో రాసిన ముక్కలన్నీ ఒకచోట చేర్చాడు. అందులో కనిపించిన ప్రతి పుస్తకమూ కావాలనిపిస్తోంది, జీతం ఒప్పుకోవడం లేదు.
పాత ముద్రణలే కొనాలా, రీప్రింట్లు చాలా? బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టాలా, చదివేవాటితోనా? మన వైపు పచ్చబొట్ల మీద ఏమైనా ఉందా? తెలుగులో ఎంత వెతికినా నాకు ఒక్కటీ దొరకలేదు.

పాతకాగితం:
బుక్కు గారూ, చదవడానికైతే రీప్రింటే కొనండి. డబ్ల్యూ. డి. హాంబ్లీ రాసిన టాటూ చరిత్ర 1925లో లండన్‌లో అచ్చయింది. ఆ ముద్రణ కోసం వెళ్తే చేతి చమురు బాగానే వదులుతుంది. డోవర్ అనే ప్రచురణకర్తలు 2009లో పేపర్‌బ్యాక్ వేశారు, హాయిగా గీతలు గీసుకుంటూ చదువుకోవచ్చు. ఆల్బర్ట్ ప్యారీ 'టాటూ' 1933 నాటిది. దానికి 1971లో కొలియర్ పేపర్‌బ్యాక్, 2006లో డోవర్ పేపర్‌బ్యాక్ వచ్చాయి. ప్యారీకి ఫ్రాయిడ్ బాగా ఎక్కాడు, ఏ బొమ్మ చూసినా దాని వెనక కామమే కనిపిస్తుంది. ఆ పేజీలు తిప్పేసి న్యూయార్క్ బవరీ వీధి దుకాణాల సంగతులు, సర్కస్‌లో ఒళ్ళంతా బొమ్మలతో నిలబడి పొట్టపోసుకున్నవాళ్ళ సంగతులు చదవండి. శామ్యూల్ ఓరైలీ కరెంటు మెషిన్‌కు పేటెంట్ తీసుకుంది 1891లో. ఆ మెషిన్‌తో పెరిగిన తరం ఇంకా పనిలో ఉండగా రాసిన పుస్తకం అది.
ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు ప్యారీ పుస్తకం '1933' అని పెట్టి నాకు 1971 పేపర్‌బ్యాక్ పంపాడు. డబ్బులు వెనక్కి వచ్చేసరికి తాతలు దిగొచ్చారు. అట్ట ఫొటో చూసి మోసపోకండి. టైటిల్ పేజీ వెనక వైపు, కాపీరైట్ వివరాలుండే పేజీ ఫొటో పంపమనండి. పంపను అంటే అక్కడితో ఆపేయండి.

సూది_సిరా:
నేను హైదరాబాద్‌లో టాటూ స్టూడియో నడుపుతున్నాను. బొమ్మల పుస్తకమా, చదివే పుస్తకమా అంటారేంటి అన్నా! మా పనిలో బొమ్మే చదువు.
జపాన్‌తో మొదలుపెట్టండి. కునియోషి అనే చిత్రకారుడు 1827 నుంచి 'సుయికోడెన్' అనే చైనా కథలోని వీరుల్ని చెక్క అచ్చుల మీద వేశాడు. తొమ్మిది డ్రాగన్ల షిషిన్ బొమ్మ చూడండి. వీపు మీద డ్రాగన్ ఎక్కడ వంగాలి, భుజం దగ్గర ఎక్కడ తిరగాలి అన్నది ఇప్పటికీ మేం అక్కడే నేర్చుకుంటాం. ఆ అచ్చులు చూసి ఎడో (ఇప్పటి టోక్యో) జనం ఒంటి మీద అవే బొమ్మలు పొడిపించుకున్నారు. తర్వాత 1872 నుంచి 1948 దాకా జపాన్‌లో పచ్చబొట్టు మీద నిషేధం. అయినా పని ఆగలేదు, చాటుగా నడిచింది. కునియోషి వీరుల బొమ్మలతో వచ్చిన ఏ మంచి ఆల్బమ్ అయినా సరే కొనేయండి.
ఫొటోల్లో అయితే శాండీ ఫెల్‌మన్ 'ది జపనీస్ టాటూ', 1986. 20 అంగుళాలకు 24 అంగుళాలుండే పెద్ద పోలరాయిడ్ కెమెరాతో తీశారు. చర్మం మీద రంధ్రాలు కూడా లెక్కపెట్టొచ్చు. నా కస్టమర్లు ఫోన్‌లో ఏదో బొమ్మ పట్టుకొస్తారు. ఈ పుస్తకం ముందు పెడితే, పూర్తి వీపు పని అంటే ఏంటో మాటల్లేకుండా అర్థమైపోతుంది. మనసు మార్చుకుని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు, అది వేరే కథ :)

పాతకాగితం:
సూది గారూ, కాదనను. కానీ ఫెల్‌మన్ ఫొటోల పక్కన వాన్ గులిక్ 'ఇరెజుమి' (జపనీస్‌లో పచ్చబొట్టు అని) లేకపోతే అది సగం అలమారే. 1982లో లైడెన్‌లో అచ్చయింది. నేరస్తుల నుదుటి మీద, చేతి మీద వేసిన గుర్తుల దగ్గర్నుంచి మొదలుపెట్టి, అలంకారంగా ఎలా మారిందో ఓపిగ్గా చెప్తాడు. న్యాయాధికారి డీ డిటెక్టివ్ నవలలు రాసిన రాబర్ట్ వాన్ గులిక్ కొడుకే ఈయన. ధర ఎక్కువే. యూనివర్సిటీ లైబ్రరీల కేటలాగుల్లో ముందు చూడండి.

సూది_సిరా:
నాది సగం అలమారే అనుకోండి గురువుగారూ, మిగతా సగం మీ ఇంటికొచ్చి చదువుకుంటా.
ఇంకోటి మర్చిపోయా. అమెరికా టాటూ కళాకారుడు డాన్ ఎడ్ హార్డీ తెచ్చిన పత్రిక 'టాటూటైమ్'. 1982లో మొదలై అయిదు సంచికలే వచ్చాయి. మొదటిది 'న్యూ ట్రైబలిజం'. ఇప్పుడు ప్రతి స్టూడియోలో నల్లటి ట్రైబల్ డిజైన్లు కనిపిస్తున్నాయంటే ఆ సంచిక చలవ చాలా ఉంది. పాత సంచిక కొనేటప్పుడు లోపలి పేజీలు చూపించమనండి. టాటూ వేసేవాళ్ళ చేతుల్లో తిరిగిన కాపీల్లో నచ్చిన బొమ్మ పేజీని బ్లేడుతో కోసి గోడకు అంటించేస్తారు. మా జాతి అలాంటిది.

కివీ_తెలుగమ్మాయి:
న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి. ఈ విషయం మీద పుస్తకాలంటే ఎవరో ఒకరు రాబ్లీ 'మోకో' పేరు ఎత్తుతారు, అందుకే ముందే చెప్తున్నా. హెచ్. జి. రాబ్లీ బ్రిటిష్ సైనికాధికారి. 1860లలో ఇక్కడి యుద్ధాల్లో ఉన్నాడు. ఇక్కడి మూలవాసులైన మావోరీల ముఖాల మీది మోకోను, అంటే వాళ్ళ పచ్చబొట్టును, చాలా శ్రద్ధగా గీశాడు, పుస్తకం 1896లో వచ్చింది. గీతల విషయంలో అంత నిదానం అప్పట్లో ఇంకెవరూ చూపించలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన మావోరీల తలల్ని కూడా సేకరించాడు! మోకో ఉన్న ఎండబెట్టిన తలలు. వాటిని గోడకు తగిలించి, ముందు కూర్చుని ఫొటో తీయించుకున్నాడు. తర్వాత వాటిలో ఎక్కువ భాగం న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి అమ్మాడు. అవి 2014లో ఇంటికి తిరిగొచ్చాయి. వెల్లింగ్టన్‌లో టె పాపా మ్యూజియం వాటిని ప్రదర్శనకు పెట్టదు, విడిగా పవిత్రమైన చోట ఉంచుతుంది.
ఆ పుస్తకంలో తలల బొమ్మలు కూడా ఉన్నాయి. చదవాలంటే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, చదవండి. వేలు పోసి మొదటి ముద్రణ కొని హాల్లో అతిథులకు కనిపించేలా పెట్టడం మాత్రం నాకు నచ్చదు. అవి ఎవరో ఒకరి తాతముత్తాతల ముఖాలు.

పాతకాగితం:
అమ్మాయ్, నీ బాధ అర్థమైంది. నా దగ్గర రాబ్లీ ఉంది, రీప్రింటే. ఆ పేజీలు ఎవరికీ తెరిచి చూపించను. కానీ పుస్తకమే ఉండకూడదంటే ఒప్పుకోను. తలల వ్యాపారం ఎలా జరిగిందో, తుపాకుల కోసం తలలు ఎలా చేతులు మారాయో రాసింది కూడా ఆయనే కదా. సిడ్నీలో గవర్నర్ డార్లింగ్ 1831లో ఆ వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చిందంటే ఎంత దారుణంగా సాగిందో ఊహించుకోవచ్చు.

కివీ_తెలుగమ్మాయి:
పుస్తకమే ఉండకూడదని నేననలేదండీ. షోకేసులో వద్దన్నాను. పాలినేషియా (పసిఫిక్ దీవులు) మొత్తం మీద ఒకటే కొనాలంటే ఆల్ఫ్రెడ్ జెల్ 'ర్యాపింగ్ ఇన్ ఇమేజెస్', 1993, తీసుకోండి. చదవడం కష్టమే, మొదటి అధ్యాయం దాటితే దారిలో పడతారు. ఈ జెల్ బస్తర్‌లో మురియా గోండుల దగ్గర కూడా పనిచేశాడు.

ఉట్నూరు_వాసి:
గోండుల పేరు వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. మా వైపు గోండు ఆడవాళ్ళకు పచ్చబొట్లు పొడిచేది 'తోటి' అనే తెగ ఆడవాళ్ళు. వాళ్ళ మగవాళ్ళు కింగ్రీ అనే తీగ వాయిద్యం వాయిస్తూ గోండుల వంశకథలు పాడతారు. అంటే ఒకే ఇంట్లో ఒకరు కథను నోట్లో, ఇంకొకరు సూదిలో పెట్టుకుని ఊరూరూ తిరిగారు. పుస్తకమంటారా? మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్', 1948. నిజాం ప్రభుత్వంలో గిరిజనుల సలహాదారుగా ఉండి, మార్లవాయిలో కాపురం పెట్టి రాసింది. పురాణాలు, పూజలే ఎక్కువ, పచ్చబొట్ల కోసమే కొంటే నిరాశపడతారు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ యూనివర్సిటీ వాళ్ళ దగ్గరున్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. నేనైతే పుస్తకం కన్నా ఆ ఫొటోల్ని పెద్దవి చేసి ఆడవాళ్ళ ముంజేతుల వైపే చూస్తుంటా.

గ్రంథపాలిక:
విశాఖలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. బుక్కు గారు అడిగిన 'మన వైపు' సంగతి నేను చెప్తాను. అదే పేరుతో ఒక పుస్తకం కోసం వెతక్కండి, ముక్కలు ఏరుకోవాలి.
మొదటి ముక్క, మద్రాసు మ్యూజియం నడిపిన బ్రిటిష్ అధికారి థర్‌స్టన్. 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా', 1909, ఏడు సంపుటాలు, రంగాచారి గారి సాయంతో. ఢిల్లీ రీప్రింట్లు పాత పుస్తకాల షాపుల్లో విడివిడిగా కూడా దొరుకుతాయి. ఏడూ అక్కర్లేదు. పచ్చబొట్లు పొడిచే ఎరుకల వాళ్ళ గురించి కొరవ అన్న పేరు కింద రాశాడు కాబట్టి మూడో సంపుటంతో మొదలుపెట్టండి. పచ్చబొట్టు నలుపు ఎలా చేసేవారో కూడా ఆయన రాతల్లో ఉంది. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి, గుడ్డకు పట్టించి వత్తి చేసి, ఆముదం దీపంలో వెలిగిస్తారు. పైన కొత్త కుండ బోర్లిస్తే లోపల మసి పడుతుంది. దాన్ని గీకి నీళ్ళతో గానీ చనుబాలతో గానీ కలుపుతారు. దారంతో కట్టిన సూదుల గుత్తితో పొడుస్తారు. మా అమ్మమ్మ ముంజేతి మీద తేలు బొమ్మ ఉండేది, ఆకుపచ్చగా అలుక్కుపోయి. ఈ భాగం చదివాక ఆ రంగు ఎక్కడిదో తెలిసింది.
థర్‌స్టన్‌ను కళ్ళు మూసుకుని నమ్మకండి. జనం ముక్కులు కొలిచి కులాల్ని బేరీజు వేసిన మనిషి. ఆయన వర్ణించిన ఎరుకల వాళ్ళనే నేరస్త తెగల చట్టం కింద పుట్టుకతో దొంగలని రాసేశారు. ఆ చట్టం 1952లో గానీ పోలేదు. పచ్చబొట్లు పొడుస్తూ ఊరూరూ తిరగడమే బతుకైనవాళ్ళను తిరగొద్దంటే ఆ పని ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.
రెండో ముక్క క్లేర్ ఆండర్సన్ 'లెజిబుల్ బాడీస్', 2004. కంపెనీ కాలంలో ఖైదీల నుదుటి మీద పేరు, నేరం పచ్చబొట్టుగా పొడిచేవారు. 1849లో ఆపారు. నుదురు కప్పేలా తలపాగా కట్టుకుని, జుట్టు దించుకుని ఆ రాతను దాచుకునేవారట. ఆవిడదే దీని మీద ఒక వ్యాసం జేన్ కాప్లాన్ సంపాదకత్వంలో 2000లో వచ్చిన 'రిటెన్ ఆన్ ది బాడీ'లోనూ ఉంది. డబ్బు ఒక్కదానికే ఉంటే కాప్లాన్ కొనండి, యూరప్, అమెరికా చరిత్ర కూడా కలిసొస్తుంది.

సూది_సిరా:
మేడమ్, ఆ మసి తయారీ భాగం నా స్టూడియో గోడ మీద రాసిపెట్టుకుంటా. (చనుబాలు తప్ప. ఇన్ఫెక్షన్ గురించి అమ్మానాన్నలే కాదు, ఇన్‌స్పెక్టర్ కూడా అడుగుతాడు.)

బెజవాడ_బుక్కు:
అడిగింది గోరంత, దొరికింది కొండంత! కొన్యాక్ నాగాల మీద ఫేజిన్ కొన్యాక్, పీటర్ బోస్ చేసిన 2017 పుస్తకం ఎవరైనా చూశారా? తల నరికి తెచ్చినవాళ్ళకు ముఖం మీద పొడిచే పచ్చబొట్ల గురించి అంటున్నారు. రష్యా జైళ్ళ టాటూల ఎన్‌సైక్లోపీడియా కూడా కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నా.

పాతకాగితం:
కొన్యాక్ పుస్తకం తప్పకుండా కొనండి. ఆవిడ ముత్తాత స్వయంగా అలాంటి యోధుడు. బయటివాళ్ళు నాగాల మీద రాసినవి అలమారల నిండా ఉన్నాయి, ఇంటి మనిషి రాసింది అరుదు. మన దేశంలోనే అచ్చయింది కాబట్టి దిగుమతి గొడవ లేదు. బయటి నుంచి తెప్పించేవాటికి 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం వేశారు. పోస్టేజీతో కలిపితే లావు పుస్తకానికి గుండె గుభేలంటుంది.

సూది_సిరా:
రష్యాది మూడు సంపుటాలు. బల్దాయెవ్ అనే జైలు ఉద్యోగి దశాబ్దాల పాటు ఖైదీల ఒంటి మీది బొమ్మలు గీసుకుంటూ పోయాడు, 3,000 పైనే. మొదటి సంపుటం 2003 ముద్రణకు బాగా డబ్బడుగుతున్నారు. 2009లో మళ్ళీ వేశారు, అది చాలు. ఒక్క మాట: ఆ నక్షత్రాలు, గోపురాలు చూసి మోజుపడి నా దగ్గరికి రావద్దు. ఆ జైళ్ళలో అర్హత లేకుండా వేసుకున్నవాడికి చర్మం మిగిలేది కాదు. తెలిసి తెలిసి నేను వేయను.

గ్రంథపాలిక:
కొన్నవాటిని కాపాడుకోవడం గురించి ఎవరూ రాయలేదు. ఈ విషయం మీద వచ్చే ఫొటో పుస్తకాలన్నీ నున్నటి ఆర్ట్ పేపర్ మీద ఉంటాయి. తడి తగిలి ఆరితే పేజీలు అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. ఎక్కడైనా తడిస్తే ఆరేదాకా ఆగకండి, తడి మీద ఉండగానే పేజీకీ పేజీకీ మధ్య కాగితం పెట్టి ఫ్యాను కింద ఉంచండి. బయటి గోడకు అలమార ఆనించకండి. పెద్ద సైజు పుస్తకాలు నిలబెడితే బరువుకు కుట్టు జారుతుంది, పడుకోబెట్టండి. పిన్నులు కొట్టిన పాత సంచికల్లో తుప్పు చూసుకోండి.

ఉట్నూరు_వాసి:
మేడమ్, మా ఊళ్ళో తోటి పెద్దావిడలు ఇద్దరు ముగ్గురు ఇంకా ఉన్నారు. డిజైన్ల పేర్లన్నీ గోండిలో చెప్తారు. వాళ్ళు ఒప్పుకుంటే రాసుకుని, గీయించుకుని పెడదామని ఉంది. ఏ కాగితం మీద గీయిస్తే నిలుస్తుంది?

గ్రంథపాలిక:
ఆమ్లం లేని డ్రాయింగ్ కాగితం, కార్బన్ నల్ల ఇంకు. బాల్‌పెన్ను వద్దు, వెలిసిపోతుంది. ప్రతి బొమ్మ కింద గీసినావిడ పేరు, ఊరు, తేదీ ఆవిడ ఎదురుగానే రాయి నాయనా. డబ్బు కూడా ఇవ్వు. థర్‌స్టన్ ఎవరి పేరూ రాయలేదు.

సూది_సిరా:
కాగితం, ఇంకు నేను కొంటా భాయ్. అడ్రస్ మెసేజ్ పెట్టు.

బెజవాడ_బుక్కు:
పాతకాగితం గారూ, ఈ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేయడానికి వస్తున్నా. థర్‌స్టన్ మూడో సంపుటం మీకు విడిగా కనిపిస్తే నా కోసం పట్టి ఉంచండి, ముందు రేటు చెప్పకండి.